నెత్తిన టోపీ ఉన్న వాల్వులు

వేడెక్కిన దుమ్ము వాసన ఒకటుంటుంది. ఎండకు కాగిన దుమ్ము కాదు, అది మా అనంతపురంలో ఏడాదంతా ముక్కుకు తగిలేదే. గాజు బుడ్డి మీద ఏళ్ల తరబడి పేరుకుపోయి, లోపల నిప్పు రాజుకున్నప్పుడు కమిలే దుమ్ము. మొన్న పొద్దున బియ్యం ఏరుతుంటే పక్క గదిలోంచి ఆ వాసన వచ్చింది, దాని వెనకే టంకం పొగ. చేట పక్కన పెట్టి వెళ్లి చూస్తే నా మనవరాలు మంజుల చాప మీద బాసింపట్టు వేసుకుని, రేకుపెట్టె, వైర్లు, వాల్వులు ముందేసుకుని, ఒక పాత వాల్వు వెలుగుతుందో లేదో చూస్తూ కూర్చుంది. ఐటీఐలో కరెంటు పని పాఠాలు చెబుతుంది. ఆదివారాలు గిటారు వాయిస్తుంది. ఆ గిటారు శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయరు కొనకుండా సొంతంగా కట్టుకుంటోంది. కొనకుండా అన్నందుకు నేనూ అడ్డు చెప్పలేదు.

ఆ శబ్దాన్ని పెంచేవి ఈ వాల్వులే, పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్ల లాంటివి. చాప మీద రెండు రకాలున్నాయి. ఒక రకం పొట్టివి, నున్నటి గుండ్రటి నెత్తివి. రెండో రకం పొడుగ్గా ఉండి, గాజు నెత్తి మీద చిన్న ఇనపటోపీ పెట్టుకున్నవి.

"ఈ పొట్టివి గిటారోళ్లంతా ఎగబడి కొనేటివి జేజీ. అందుకే అంత రేటు. ఈ టోపీవి పాత సామాన్ల అంగట్లో పడుండినాయి, ఎవురూ అడగరంట. పని మాత్రం అంతే చేస్తాయి. పదిమంది ఎగబడే సరుకు జోలికి పోవద్దని నువ్వే గదా చెప్తాంటావు" అంది.

"అవి వద్దు" అన్నాను.

"ఎందుకు?"

"టోపీ వాల్వులు మన ఇంటికి అచ్చిరావు."

"అచ్చిరాకపోయేదానికి అవేమన్నా ఎద్దులా, ఎనుములా జేజీ?"

నేను వచ్చి మళ్లీ చేట ముందు కూర్చున్నాను. నేను చెప్పింది అబద్ధం. మా ఊరంతా ఒకప్పుడు నమ్మిన అబద్ధమే. అది అబద్ధమని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. ఆ పిల్ల అడిగింది వాల్వుల గురించే అయినా, నిజం చెప్పాలంటే మా నాయన గురించి, నా గురించి చెప్పాలి.

మాది ఉరవకొండ దిక్కున చిన్న పల్లె. మా నాయనకు మూడెకరాల మెట్టచేను, ఒక మైకుసెట్టు ఉండేవి. చేను పెట్టిన తిండి తక్కువ, మైకుసెట్టు పెట్టిన తిండి ఎక్కువ. పెళ్లిళ్లకూ జాతరలకూ ఎద్దుల బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఆ పెట్టెను పడుకోబెట్టి తీసుకుపోయేవాడు. స్నానం చేయకుండా దాన్ని ముట్టేవాడు కాదు. వాల్వులను ఒక్కొక్కటే ఊడదీసి, పాత పంచె గుడ్డతో తుడిచి, దూది పరిచిన బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మళ్లీ ఎక్కడివక్కడ దిగేసేవాడు. వేపచెట్టు కొమ్మకు మైకు గొట్టం కట్టి, పెట్టె మీట వేసి, వాల్వుల్లో ఎర్రటి వెలుగు నిదానంగా రాజుకునేదాకా నోరెత్తకుండా కూర్చునేవాడు. మేం పిల్లలం గచ్చకాయలు ఆపి ఆ వెలుగు కోసమే చూసేవాళ్లం. పెళ్లిళ్లలో మాకు ముందు వరసలో ఆకు వేసేవారు, ఓళిగ మీద నెయ్యి ఒక చుక్క ఎక్కువే పడేది. మైకాయన కూతురంటే అంత మర్యాద.

ఆ ఏడు విత్తనం వేసిన నాటి ఒక్క పదును తప్ప వాన లేదు. చెనక్కాయ చెట్లు పసుపుపచ్చగా పూసి, ఊడలు నేలలోకి దిగాల్సిన రోజుల్లో నేల రాయిలా బిగుసుకుపోయింది. ఊడలు గాల్లోనే ఎండి సూదుల్లా నిలబడ్డాయి. పశువులకు నీళ్లు పెట్టే తొట్టిలో తొండలు తిరిగాయి. మా ఇంట్లో మధ్యాహ్నం సంగటి ముద్ద సగమైంది, చారు పలచనైంది. పెళ్లిళ్లన్నీ వెనక్కి పోయి మైకుసెట్టు మూలన పడింది. చివరికి ఊరంతా కూడి, వాన కోసం ఏడు రోజులు ఆగకుండా భజన చేయాలని, ఆయుధ పూజ నాటికి ముగించాలని అనుకున్నారు. మా నాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. పెట్టె తెరిచి చూస్తే పెద్ద వాల్వులు రెండూ చచ్చిపోయి ఉన్నాయి.

బళ్లారికి పోయాడు. అందరూ వాడే వాల్వులు అక్కడి పెద్ద మైకులవాళ్లే పట్టుకుపోయారట. గుజిరీలో, పాత ఇనుము నడుమ, పటాలం వాళ్లు పారేసిన పొడుగు వాల్వులు అగ్గవకు దొరికాయి, నెత్తిన టోపీలవి. టవల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా పెట్టె విప్పి, అడుగున వాల్వుల కాళ్లు దిగే గుంతలు మార్చి, ఒక్కో టోపీకి పైనుంచి ఒక తీగ లాగాడు. మూడో రోజు గొట్టంలోంచి ఆయన గొంతు వేపచెట్టంతా ఊగేలా వచ్చింది.

"కడుపులో రెండింటిదీ ఒకటే పని పాపా. కాళ్లు వేరే, నెత్తిన తీగ ఒకటి ఎక్కువ. అంతే" అన్నాడు నాతో. ఆ వెంటనే నా చెవి పట్టుకుని, "ఆ టోపీల జోలికి మాత్రం పోవద్దు. కరెంటంతా ఆడుండాది. మీ అమ్మకు గూడా చెప్పు" అన్నాడు.

అమ్మ అప్పుడు బయట పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. చెబుదామనే లేచాను. వాకిట్లో ఆడపిల్లలు తొక్కుడుబిళ్లకు గీతలు గీసి నా కోసం కేకేస్తున్నారు.

కొత్త వాల్వులు పొడుగైనందువల్ల పెట్టెకు మూత పడలేదు. ఏడు రోజులకు కొత్త మూత ఎందుకని నాయన దాన్ని తెరిచే ఉంచాడు.

ఆ ఏడు రోజులంత సంతోషం నా బతుకులో మళ్లీ లేదు, కరువులోనే అయినా. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు తాళాలు అందుకునేది. ఎండిన చేలమీదుగా, గుట్టల దాకా ఆ పాట పోయి మళ్లీ మా దగ్గరకే వచ్చేది. మరమరాలు నానబెట్టి చేసిన ఉగ్గాని విస్తరాకుల్లో పంచేవారు. మేం ఆ తాళానికే ఎగిరేవాళ్లం. చివరి రోజు పొద్దున, మడకలకూ కొడవళ్లకూ పూజ చేయడానికి కాసేపు భజన ఆపారు. నాయన మైకు మీట ఆపాడు, పెట్టె ఆర్పలేదు. ఆర్పి మళ్లీ వెలిగిస్తే వాల్వుల ఆయుష్షు తగ్గుతుందని ఆయన భయం. మగవాళ్లతో కలిసి స్నానానికి బావికి పోయాడు.

అమ్మ అప్పుడే పేడతో అలికిన తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి, పసుపు కుంకుమలు తడిపి తట్టలో పెట్టుకుని, మడకకు, పారకు, రోకలికి, చేటకు, ఒక్కొక్కదానికే బొట్టు పెడుతూ మైకుసెట్టు దగ్గరకు వచ్చింది. పెట్టెకు నాలుగు మూలలా పెట్టింది. నేనూ వెనకే ఉన్నాను.

"అమ్మా, లోపలి టోపీవోళ్లకు పెట్టనే లేదు సూడు. బోడి మొగాలతో ఉండారు పాపం" అన్నాను.

అమ్మ నవ్వింది. "అవునే, కొత్తగా వచ్చినోళ్లు గదా, అలుగుతారేమో" అని తడి ఉంగరం వేలు లోపలికి పెట్టింది.

గొట్టంలోంచి దబ్బుమని ఒక్క చప్పుడు వచ్చింది. బావి దగ్గర నాయనకు కూడా వినపడిందట. అమ్మ గోడకు కొట్టుకుని పడింది.

అమ్మ బతికింది. కుడిచేతి రెండు వేళ్లు నల్లబడి, అరచేతిలోకి ముడుచుకుపోయి, ఇక తెరుచుకోలేదు. సంగటి కెలకలేని చెయ్యి అయింది. మూడో తరగతి చదివే నేను బడి మాని ఆ తెడ్డు అందుకున్నాను. నాయన ఆ టోపీ వాల్వులను పెరికి, వాకిట్లో బండ మీద రెండింటినీ పగలగొట్టాడు. "అగ్గవకు ఆశపడి నా పిసినారితనంతో దీన్ని కాల్చుకుంటి" అని నెత్తి కొట్టుకున్నాడు. పెట్టెను ఎవరికో ఇచ్చేసి, కరువు పనుల్లో రోడ్డుకు రాళ్లు కొట్టడానికి పోయాడు. టోపీ వాల్వులు ఆ ఇంటికి అచ్చిరాలేదని ఊరంతా అంది. అడిగినవాళ్లకల్లా అమ్మ, "నా అంతట నేనే పెట్టినా, నాకేం తెల్సు" అనేది. అలా అంటూ ఒకసారి నా వైపు చూసింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ మాట అన్నా నా వైపు చూడలేదు. ఆ ఒక్క మాటతో నన్ను కాపాడాననుకుంది.

ఇదంతా మొన్న మధ్యాహ్నం మంజులకు చెప్పాను. అది టంకం కడ్డీ ఆపేసి, నా పక్కన వచ్చి కూర్చుంది.

"నీకప్పుడు తొమ్మిదేండ్లే గదా జేజీ. చిన్నపిల్లవి" అంది.

"ఆ చిన్నపిల్ల తప్పును నేనెప్పుడో వదిలేసినా లేవే. మా నాయన పోయిన పొద్దుకు నాకు ముప్పై ఏండ్లు."

ఇరవై ఏళ్లు ఆయనకు ఎదురుగా కూర్చుని సంగటి వడ్డించాను. పెళ్లయ్యాక కూడా వెళ్లినప్పుడల్లా వడ్డించాను. మైకు శబ్దం వినబడితే ఆయన ముద్ద కలపడం ఆపి, ఆ పాట అయిపోయేదాకా తలవంచుకుని కూర్చునేవాడు. పెట్టె ఆర్పకపోవడం, మూత లేకుండా ఉంచడం ఆయన తప్పులే, కాదనను. కానీ ఆయన తన మీద వేసుకున్నది ఆ రెండూ కాదు. దొరికిన వాల్వులతో ఊరికి గొంతు తెచ్చిపెట్టిన తెలివి ఉందే, దాన్నే తప్పనుకుని చంపుకున్నాడు. నువ్వు చెప్పమన్నావు, నేను చెప్పలేదు, పైగా నేనే పెట్టమన్నాను అని ఒక్క మాట అనడానికి ఇరవై ఏళ్లు చాలలేదు నాకు.

"మరి ఇవి వేసేదా, వద్దా?" అని మంజుల అడిగింది.

"వెయ్. ముందు మూత పట్టే పెట్టె చేసుకో. మూత బిగించినంక నన్ను పిలువు, నేను చూడాల."

రెండు రోజులుగా రేకు కోస్తోంది. ఆ చప్పుడు వింటూనే ఇది రాస్తున్నాను. మా ఊళ్లో ఇప్పుడు ఆ వేపచెట్టు లేదు, వాన కోసం భజన చేసేవాళ్లూ లేరు. మా చేలో సోలారు పలకలు నిలబెట్టారు. పెళ్లిళ్లకు ఉరవకొండ నుంచి లారీలో పెట్టెలు తెచ్చి దించుతారు. ఆయుధ పూజకు బోరు మోటార్లకూ ట్రాక్టర్లకూ బొట్లు పెడతారు. మా నాయనకు ఒక మైకుసెట్టు ఉండేదని చెబితే, ఉండిందా అంటారు, అంతే. అమ్మ పోయింది. ఆమెకంటే ముందే నాయన పోయాడు, అంతా తన పిసినారితనం వల్లే అయిందనుకుంటూ.