అన్నయ్యగారు పట్టుకొన్న కంచం

మా అన్నయ్యగారు గత నెలలో ఓడలరేవులో కన్నుమూశారు. కబురంది కొత్తపేట నుండి నేను చేరేసరికి, ఆయన ఓడలో పనిచేసిన కళాసీలు అప్పటికే పాడె కట్టి భుజాలకెత్తుకొన్నారు. తోడబుట్టినవాణ్ణయిన నేను దానికింద చోటు వెదుక్కోవలసి వచ్చింది.

ఆయన కాకినాడ నుండి మద్రాసుకు సరకులు మోసే తెరచాప ఓడకు సరంగు; అంటే కళాసీలందరికీ పెద్ద. నేను బడిపంతులునై, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. నా బడిలో ఇద్దరు పండితులు ఏళ్ళ తరబడి పలకరించుకోలేదు. నా హితబోధలన్నీ వృథా అయ్యాయి. ఆయన ఓడలో మాత్రం ఏ అలకా పొద్దుగూకేదాకా నిలిచేది కాదు. ఇందుకు నాకు అసూయగా ఉండేది. ఇప్పటికీ ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి వేసవి సెలవులలో ఆయన నన్ను ఓడ ఎక్కించుకొన్నారు. రెండవనాడు వంటవాడికీ, చాపతాళ్ళు చూసే పెద్ద కళాసీకీ పులుసు దగ్గర మాటామాటా పెరిగింది.

“ఇందులో ఉప్పేసేవా, దీన్నే సముద్రంలో ముంచేవా?” అన్నాడు కళాసీ.

“తాళ్ళు నమిలీ నమిలీ నీ నాలుకే పీచైపోయింది మావా!” అన్నాడు వంటవాడు.

ఆ మధ్యాహ్నం చాప దించేటప్పుడు ఒకడు కేకవేస్తే రెండవవాడు పలకలేదు. తాడు జారి చాప చిరిగింది.

అన్నయ్యగారు ఎవరినీ గద్దించలేదు. ఒకే కంచంలో అన్నం పెట్టించి, వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఓడ ఊపుకు కంచం జారకుండా తానే అంచు పట్టుకొని కూర్చున్నారు. వాళ్ళు తిని లేచేదాకా తాను మెతుకు ముట్టరు. సరంగు పస్తుండగా ఎంతసేపని బిగుసుకొని కూర్చుంటారు? చివరకు వంటవాడే చేప నడుంముక్కను కళాసీ వైపు జరిపాడు.

“ముద్ద కలిస్తే చెయ్యి అదే కలుత్తాదిరా” అన్నారు అన్నయ్యగారు.

నాకు మాత్రం పీట, వేరే కంచం. నొచ్చుకొన్నాను.

“నాకెందుకన్నయ్యా వేరు?”

“అది తగువోళ్ళ కంచంరా తమ్ముడూ. మనకేం తగువుంది? నువ్వు హాయిగా తిను.”

చిన్నతనంలో మా ఇద్దరికీ అమ్మ ఒకే కంచంలో కలిపి పెట్టేది. ఆ చోటు ఇప్పుడు పోట్లాడుకొన్న పరాయివాళ్ళకు దక్కుతున్నది. ఆయనతో నేనెన్నడూ పోట్లాడలేదు. నా మర్యాద నాకు మిగిల్చినది ఆ వేరే కంచమే.

పదకొండవనాటి భోజనాలకు కళాసీలు మళ్ళీ వచ్చారు. నేను పలకరించలేదు. వడ్డన వేళ ఆ వంటవాడే, ఇప్పుడు తల నెరసినవాడు, పెద్ద కంచం తెచ్చి నా ముందు పెట్టాడు.

“మేస్టారూ, పాడె ఎత్తిన కాణ్ణించి మీరు మాతో మాటాడ్డం లేదండి. సరంగుగారుంటే ఊరుకునేవోరా అండీ?”

“నాకు ఆకలిగా లేదు” అన్నాను.

“ఆయ్, మొదట్లో మేవూ అలాగే అనేవోళ్ళమండి” అంటూ ఎదురుగా చతికిలబడ్డాడు.

అన్నం కలిపాము. దొడ్డిలో నేల కదలడం లేదు. కంచం జారే ప్రమాదమే లేదు. అయినా అతని ఎడమచేయి దాని అంచును పట్టుకొనే ఉన్నది. కాసేపటికి రెండవ వైపు అంచును నేను పట్టుకొన్నాను.