బాపు తొక్కిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. ఎలక్ట్రికల్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది మరి. మామిడిపల్లి దగ్గర మా ఊళ్లో ఎవరింట ఫ్యూజు పోయినా ముందు పావుగంట ఉపన్యాసం ఇచ్చి, ఆ తర్వాతే వేసేవాణ్ణి. (అందుకే కొందరు నన్ను పిలవకుండా చీకట్లోనే కూర్చునేవారు.) ఇంత జ్ఞానం ఉన్నా ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి కొత్తూరులోని ఒక ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం ఫోన్‌లోనే ఇంటర్వ్యూ, నచ్చితే సోమవారం నుంచి పని.

సరిగ్గా ఆ పొద్దున్నే గాలిదుమారం లేచి, స్తంభాలు వంగి, ఊరంతా కరెంటు పోయింది. నా ఫోనేమో చార్జర్ తీస్తే కన్నుమూసే రకం. అడిగితే పక్కింటివాళ్లు వాళ్ల ఫోన్ ఇచ్చేవారే. కానీ ఇంతటి విద్యావంతుడు ఫోన్ అడుక్కోవడమా? మా బాపు (నాన్నను నేను అలాగే పిలుస్తాను) ఆకుకూరలు వేసుకుని శంషాబాద్ అంగడికి వెళ్లే సైకిల్‌కు డైనమో ఉంది. టైరుకు ఆనుకుని తిరిగే ఆ చిన్న బుడ్డి లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. అయస్కాంతం తిరిగినంతసేపూ తీగలో కరెంటు పుడుతుంది, అంతే సంగతి. ఆ కరెంటును ఫోన్‌కు సరిపడేలా మార్చే ముక్కలను పాత చార్జర్‌లోంచి పీకి అతికించాను. సైకిల్‌కు స్టాండ్ వేసి బాపును ఎక్కించాను.

"ఆపొద్దు బాపు. నువ్వు ఆపినవంటే ఫోన్ బంద్" అన్నాను. "నువ్వు పుట్టకముందు సంది తొక్కుతున్నరా. నాకే చెప్తున్నవా?" అన్నాడు. అమ్మ గడపలో నిలబడి, "గంతసేపటి సంది తొక్కుతున్నడు, పక్కూరు జల్‌పల్లి అన్న దాటిండా?" అని నవ్వింది.

ఫోన్ మోగింది. నెత్తిమీదుగా విమానం పోతుంటే మాట వినపడక అటు ఇంటర్వ్యూ చేసే సారూ, ఇటు నేనూ ఆగాం. బాపు ఒక్కడే ఆగలేదు. మొదటి ప్రశ్నలు తేలిగ్గానే దాటాను. అప్పుడు సార్, "జనరేటర్‌లో కరెంటు ఎలా పుడుతుందో మీ మాటల్లో చెప్పండి" అన్నారు. నా ఆనందానికి హద్దు లేదు. ఉపన్యాసం గొంతు సవరించుకున్నాను. "సార్, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదలాలి. ఊరికే పక్కన పెడితే ఏమీ రాదు. ఎంత జోరుగా తిరిగితే కరెంటు అంత ఎక్కువ. ఆ అయస్కాంతం గనక ఆగితే..."

ఫోన్ ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే, బాపు ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి, నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. "ఏంది బాపు, ఎందుకాపినవ్!" అని అరిచాను. "గంత మంచిగ చెప్తుంటివి బిడ్డా. ఇనుకుంట కాలు మర్చిపోయిన" అన్నాడు. "నా బతుకు ఆగం చేసినవ్" అన్నాను. ఆయన మునుపటికంటే జోరుగా తొక్కడం మొదలుపెట్టాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఫోన్ లేచింది, సారే మళ్లీ చేశారు. అబద్ధం తోచక జరిగిందంతా చెప్పేశాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. అవతల నుంచి పెద్దగా నవ్వు వినిపించింది. "ఆగితే ఏమవుతుందో తెలిసిందండీ. మీ నాన్నగారు అలసిపోకముందే మిగతాది చెప్పండి" అన్నారు.

సోమవారం పనిలో చేరాను. ఇప్పుడు గదంత పెద్ద జనరేటర్లను చూసుకునేది నేనే, కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదీ నేనే. నేను చెబుతుంటే వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. బాపుకు మోకాళ్ల నొప్పులు. సైకిల్ తొక్కడం మానేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాఠమే ఆయనకు చెబుతాను. ఎంత అర్థమవుతుందో తెలియదు గానీ, వింటూ వింటూ చేతిలోని చాయ్ తాగడం మర్చిపోతాడు. అది చల్లారిపోతున్నా నేను ఆపను. ఉపన్యాసాల జబ్బు నాకింకా తగ్గలేదు.