తలుపులు మూసిన ప్రారంభోత్సవం

కొన్నేళ్ల కిందట, ఏప్రిల్ నెలలో, నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డులోని ఒక నూలు మిల్లులో స్పిన్నింగ్ మాస్టరుగా చేరాను. పత్తి బేలు లోపలికి వచ్చింది మొదలు నూలు బయటికి వెళ్లేదాకా ఆ ఉద్యోగిదే పూచీ. మన పత్తి మన దగ్గరే నూలు కావాలని పట్టుబట్టి, ఆళ్లగడ్డ రైతు ఓబుళరెడ్డి గారు కట్టించిన మిల్లు అది. నష్టాలొచ్చి మూతపడితే, కొడుకు శివారెడ్డి మళ్లీ తెరుస్తున్నారు. ఆగిన మిల్లును నడిపించడమంటే నాకు పెళ్లికి వెళ్లినంత హుషారు!

ప్రారంభం రోజునే ఒక నేత కంపెనీ ప్రతినిధి నూలు చూడటానికి వచ్చాడు. ఆయనకు నచ్చితే పెద్ద ఆర్డరు. నచ్చకపోతే తెరిచిన మిల్లును మళ్లీ మూసుకోవాల్సిందే.

రింగ్ ఫ్రేము అంటే పత్తి పోగును సన్నగా సాగదీసి, మెలితిప్పి, కండెకు చుట్టే యంత్రం. దానికి పూజ చేసి గుమ్మడికాయ కొట్టారు. లక్ష్మి లోపలికి రావాలని పెద్ద తలుపులు బార్లా తెరిచారు. వాకిలి నిండా చుట్టాలే. పెద్దాయన ఓబుళరెడ్డి గారిని లోపల కుర్చీలో కూర్చోబెట్టారు.

స్విచ్ వేశాం. ఆ హోరుకు నా ఒళ్లు పులకరించింది. అంతలోనే పోగులు పటపటా తెగసాగాయి. తెగిన పోగులు అతికేవాళ్లను మిల్లులో సైడర్లంటారు. వాళ్లలో మరియమ్మ అందరికన్నా చురుకు. "ఒకటి అతికేలోపల పక్కది తెగుతాంది సార్!" అని అరిచింది.

తేమ చూపే మీటరు దిగిపోతోంది. పత్తికి తేమ లేకపోతే పోగు నిలవదు. అందుకే లోపలి గాలిలోకి నీటి తుంపర పంపుతాం. ఆ తేమంతా తలుపుల్లోంచి పోయి, నంద్యాల వడగాలి లోపలికి వస్తోంది. తలుపులు మూయించమని శివారెడ్డి గారికి చెప్పాను.

"శుభమా అని తెరిచినాం. చుట్టాల మొగం మీద యాడ మూసేది మాస్టరూ?" అన్నారాయన. ప్రతినిధి అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. చుట్టాలు కావాలో ఆర్డరు కావాలో తేల్చుకోమని అందరి ముందే అనేశాను.

పెద్దాయన లేచారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికి నడిచి, "మూయండప్పా! నేనూ ఈడనే ఉంటా. ఇంక ఎవురికి కోపం?" అన్నారు.

తలుపులు మూశాం. తేమ మెల్లగా ఎక్కింది, తెగడం తగ్గింది. ప్రతినిధి నూలును నల్ల పలకకు చుట్టించి, సన్నం లావులు పరీక్షించి, సరేనన్నాడు. మరియమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఆనందం పట్టలేక నిండిన కండె ఒకటి తీసుకుని బయటికి పరుగెత్తి, ఆర్డరు వచ్చిందని చెబుతూ పెద్దాయన చేతిలో పెట్టబోయాను.

ఆయన కండె వంక చూడనే లేదు. నా వెనకకు చూసి కసురుకున్నారు. "ఏందప్పా, తలుపు తీసిపెట్టి వచ్చినావ్? ముందు పోయి మూయి!"

నూలు మిల్లులో గాలి కూడా ముడిసరుకే. దాన్ని కాపాడటానికి యజమానినైనా బయటే కూర్చోబెట్టాలి.