ఏమీ అడగని గంట

స్పందన మా ఎదురు ఫ్లాట్‌కు రావడం మొదలుపెట్టిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఫీజు తీసుకున్న ఏ టీచరైనా పిల్లల చేత ఏదో ఒకటి వల్లె వేయిస్తుంది. ఈ అమ్మాయి మాత్రం నేల మీద చతికిలబడి, నాలుగేళ్ళ సింధూర పక్కన రాట్నం తిప్పుకుంటూ కూర్చునేది. సింధూరకు మాటలు రాలేదు, పిలిస్తే తిరిగి చూడదు. ఆటిజం అన్నారు డాక్టర్లు. అలాంటి పిల్లలకు మాటలూ పనులూ కొంచెం కొంచెంగా నేర్పే థెరపీ చదువుకుంది స్పందన.

ఆ రాట్నం పోచంపల్లిలో స్పందన వాళ్ళమ్మ అంజమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టినది. సింధూరకు తిరిగేవంటే ప్రాణమని కనిపెట్టి, ఎల్బీనగర్‌లో తామున్న కిరాయి ఇంటి నుంచి రోజూ సంచిలో మోసుకొచ్చేది.

సింధూర తల్లి విజయదుర్గది భీమవరం. మంచి మనిషే, నోరే ఊరుకోదు. "అమ్మ అనవే, ఒక్కసారి అను, చాక్లెట్ ఇస్తా" అని పొద్దస్తమానం పిల్ల వెంటపడేది. చివరికి తల్లిని చూస్తే చాలు, పిల్ల మంచం కిందికి దూరేది. అది తలుచుకుని మా వంటింట్లో ఎన్నిసార్లు ఏడ్చిందో.

"పాఠం ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అని ఒకరోజు నా ముందే అడిగేసింది.

"మొదలైంది మేడం. ముందుగాల నేనొస్తే పాపకు సంబరం కావాలె. అడుగుడు తర్వాత. మీరు గూడ జర వచ్చి కూసోండ్రి, ఏం అడగకుండ."

"కన్నతల్లిని, నేను అడగకూడదా?" విజయదుర్గ ముఖం మాడ్చుకుంది.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోతే స్పందన నడిచే వచ్చేది. ఒక సాయంత్రం వెళ్ళబోతూ, "రేపు రాను మేడం. ఎల్బీనగర్ చౌరస్తాల రాస్తారోకో ఉన్నది. మా బాపు, నేను కూసుంటం" అంది.

విజయదుర్గ అప్పటికే రోజూ టీవీ చూసి హడలిపోతోంది. "మమ్మల్ని పొమ్మనడానికి రోడ్డు మీద కూర్చుంటావు, మా పిల్లతో ఆడుకుంటావు. ఎలా కుదురుతుందమ్మా? ఇక నువ్వు రానక్కర్లేదు."

"మిమ్మల్ని పొమ్మంటలేను మేడం. మా రాష్ట్రం మాకు కావాలంటున్న." స్పందన కళ్ళు తుడుచుకుంది. రాట్నం మాత్రం తీసుకుపోలేదు. "పాప ఆడుకుంటది, ఉండనియ్యండ్రి."

మర్నాడు స్పందన వచ్చే వేళకు సింధూర రాట్నం ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు, మెట్ల వంకే చూస్తోంది. ఎదురుగా మా గుమ్మంలోంచి నేను చూస్తున్నాను. విజయదుర్గ వచ్చి పక్కన కూలబడింది. "అమ్మ అన..." అని అలవాటుగా నోరు తెరిచి, పెదవి కొరుక్కుంది. రాట్నం తిప్పింది. దారం తెగింది, ముడి వేసి మళ్ళీ తిప్పింది. చాలాసేపటికి అలిసి ఆపితే, చిన్న చెయ్యొకటి వచ్చి తల్లి చేతిని పిడి మీదికి తోసింది. తర్వాత పిల్ల మెల్లగా జరిగి ఆమె ఒళ్ళోకి చేరింది.

స్పందనకు ఫోన్ కలిపి తన చెవి దగ్గర పెట్టమని విజయదుర్గ నాకు సైగ చేసింది. అవతల నినాదాలు హోరెత్తుతున్నాయి.

"స్పందనా, నేనేమీ అడగలేదమ్మా. నా ఒళ్ళో కూర్చుంది. రేపు వస్తావా?"

"ఒస్త మేడం. ఇంకా కూసునే ఉన్నదా?"

"ఉంది."

"అయితే నాతోని మాట్లాడకుండ్రి. తిప్పుండ్రి."