పూజలందుకున్న ల్యాప్‌టాప్

మేం జంషెడ్‌పూర్ కద్మాలో ఉన్నప్పటి మాట. మా అమ్మాయి ఇంజినీరింగ్ సీటుకు ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రమే గడువు. మా పాత ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్యాన్ హోరెత్తుతోంది, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు.

"ఏటండీ, రైలింజన్లా అరుత్తంది?" అంది మా ఆవిడ.

లెక్క వేసి చూశాను. ఈ నడకన గడువులోగా సగం ఆప్షన్లు కూడా పెట్టలేం. విప్పి చూడాల్సిందే.

"నాన్నా, బంద్ మత్ కరో! ఆపేయకు! మళ్లీ ఆన్ అవకపోతే?" అమ్మాయి ఏడుపు అందుకుంది.

ఆపి, స్క్రూలు విప్పాను. ఫ్యాన్‌లోంచి పసుపు బియ్యం రాలాయి. పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజనాడు ఇంటిల్లిపాదీ దానిమీద వేసిన అక్షింతలు!

మూత బిగించి మీట నొక్కాను. చప్పుడు లేకుండా తెర వెలిగింది. ఆప్షన్లన్నీ సమయానికి వెళ్లాయి.

పూజ ఇప్పటికీ మానలేదు. అక్షింతలు మాత్రం ల్యాప్‌టాప్ సంచిమీద వేస్తున్నాం.