డ్యామ్ చూడబోయిన రోజు

నా చిన్నప్పుడు కామాటిపురాలో మా ఒంటిగది ఇళ్ళ చాల్ మొత్తానికి కింద ఒకటే నల్లా ఉండేది. తెల్లవారకముందే దాని ముందు బిందెలు బారులు తీరేవి. మా తాత ఆ వరస పక్కనే బీడీ వెలిగించుకుని, ఈ నీళ్ళు నేను తెచ్చినవే అని అందరికీ వినబడేలా చెప్పేవాడు. వయసులో ఉండగా పాలమూరు నుంచి కూలికి వచ్చి, కసారా అవతలి కొండల్లో నగరానికి నీళ్ళిచ్చే డ్యామ్ కట్టినవాళ్ళలో ఆయనొకడు. ఆ గొప్పలు రోజూ విని విని ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఒక ఎండాకాలం పొద్దున్న, నా వంతు వచ్చేసరికి నల్లా ఆగిపోయింది. ఖాళీ బిందె పట్టుకుని ఉక్రోషంతో, నువ్వు కట్టిన డ్యామ్ ఎండిపోయిందా తాతా అని అందరి ముందూ అనేశాను. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. ఎండిందో లేదో చూద్దువుగాని పద అంటూ, అప్పటికప్పుడు నా చెయ్యి పట్టుకుని గ్రాంట్ రోడ్‌లో రైలెక్కించాడు. దాదర్‌లో రైలు మారి, కసారాలో దిగి, అక్కడినుంచి బస్సులో వెళ్ళాం.

డ్యామ్ ఎండలేదు. అన్ని నీళ్ళు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. తాను రాళ్ళు మోసిన చోటల్లా తాత వేలు పెట్టి చూపించాడు. ఈలోగా నాకు దాహం వేసింది. నీళ్ళ దగ్గరికి పోనివ్వకుండా కంచె వేసి, కాపలా పెట్టారు. కొండమీద గుడిసెలు కనిపిస్తే అటు నడిచాం.

దారిలో ఒక ముసలామె నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని ఆయాసపడుతూ ఎక్కుతోంది. మేము అడగ్గానే బిందెలు దించి నాకు చెంబుతో నీళ్ళు పోసింది. బురదవాసన వేస్తున్నా గటగటా తాగేశాను. తాత ఊరుకుంటాడా, ఈ డ్యామ్ కట్టింది మేమే అని ఆమెకూ మరాఠీలో చెప్పుకున్నాడు. అయితే మీరు మా బావి నీళ్ళే తాగి ఉంటారు, అప్పటి కూలీలంతా అక్కడికే వచ్చేవారు అందామె. ఆ బావీ, వాళ్ళ పొలమూ డ్యామ్ నీళ్ళ అడుగున ఉన్నాయట. ఇప్పుడు కొండ అవతలి వాగులో చెలమ తోడుకుని, దొరికినన్ని మోసుకొస్తోంది.

తాత బీడీ పారేశాడు. ఆమె తిడుతుందని నేను భయపడ్డాను. ఆమె గొంతులో కోపం లేదు.

"మీకైన నీళ్ళు మంచిగ అందుతున్నయా?"

తాత నా వంక చూశాడు. పొద్దుటి సంగతి ఎక్కడ చెప్పేస్తానో అని ఆయన భయం. 

"అందుతున్నయ్ అక్కా. మస్తు అందుతున్నయ్," అన్నాడు.

ఆమె వద్దంటున్నా రెండు బిందెలూ తానే మోసి గుడిసె ముందు దించాడు.  ఆ తర్వాత నల్లా దగ్గర ఆయన మళ్ళీ ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. అబద్ధం చెప్పడం తప్పని నన్ను ఎన్నోసార్లు మందలించిన మనిషి, ఆ అబద్ధం ఎందుకాడాడో నాకు పెద్దయ్యాకగానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మా చాల్ పోయి టవర్ లేచింది. స్నానాల గదిలో, వంటింట్లో, ఎక్కడ తిప్పినా నీళ్ళే. మనవరాళ్ళు షవర్ కింద గంటసేపు పాటలు పాడుకుంటుంటే కసురుకుంటాను, నానమ్మకు చాదస్తం అంటారు. నిజానికి నా కోపం వాళ్ళ మీద కాదు, సిగ్గుతో నామీద నాకే. ఆ రోజు నా గొంతు తడిపిన ముసలామె, మాకు నీళ్ళందుతున్నాయా అని అడిగింది. ఆ కొండకు ఒక్క నల్లా అయినా వచ్చిందా అని ఇన్నేళ్ళలో నేనెవరినీ అడగలేదు.