దెబ్బ తగిలాక మినుకుమనే సేపు

మా ఆయన తెలివిగలవాడు కాబట్టే ఆ రోజు రెండో బోరు వేయించలేదని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయనా కాదనడు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ పుణ్యం మా అమ్మాయి ఫోన్‌లో ఉన్న ఒక ఆటది. అందులోనూ తెర మూలన వరసగా కనిపించే ఎర్ర గుండెల్లో ఒకటి ఖాళీ అయ్యాక దొరికే కాసేపటిది.

డిగ్రీ చదువుతున్న అమ్మాయి సెలవులకు వచ్చి నాకా ఆట నేర్పింది. ఒక కుందేలు బండలమీద ఎగురుతూ దూకుతూ పోతుంది. ముళ్లపురుగు తగిలితే ఒక గుండె ఖాళీ అవుతుంది. దారిలో పండు దొరికితే మళ్లీ నిండుతుంది. అన్నీ ఖాళీ అయితే ఆట మొదటికొస్తుంది. అంతవరకు నాకు తేలిగ్గానే అర్థమైంది. కానీ దెబ్బ తగలగానే కుందేలు మినుకుమినుకుమనేది. నేను కంగారుపడి వెంటనే ఎగిరించేదాన్ని. అది నేరుగా గుంతలో పడేది.

"ఎందుకు ఎగిరిస్తావమ్మా? మినుకుమనే సేపు ఏ పురుగూ దాన్ని ఏమీ చేయలేదు. ఆ సేపట్లో చూసుకొని పక్కకు పోవల్ల."

"గుండెలు ఇంకా మిగిలుండాయి కదే, ఎట్ల చచ్చింది?"

"గుంతలో పడితే గుండెలు నిండుగా ఉన్నా అంతే."

"ఇదేం న్యాయమే!"

"ఆట చేసినోళ్లను అడుగు. నువ్వు ముందు నిలబడేది నేర్చుకో."

ఆ ఎండాకాలమే పాత బోరులో నీళ్లు తగ్గితే, మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, కొత్త బోరు వేయించాం. పొద్దుటి నుంచీ తెల్లటి రాతిదుమ్మే లేచింది, తడి తగల్లేదు. మా వైపు ఒక అలవాటుంది. బోరులో నీళ్లు పడకపోతే, బోరు వేసే బండి చేనులో ఉండగానే ఇంకోచోట వేయిస్తారు. పరామర్శకు వచ్చినవాళ్లే ఆ చోటు చూపిస్తారు.

మా బావ, అంటే మా ఆయన అన్న, నీళ్ల జాడ చూసేందుకు అరచేతిలో టెంకాయ పెట్టుకొని గట్టు దాటి వచ్చాడు.

"ఏమిరా, అట్ల కూలబడినావు? ఈడ లేకుంటే ఆడ ఉండాది. చూడు, టెంకాయ లేచి నిలబడింది. బండి పోకముందే ఊ అను."

రెండో బోరు అంటే కింది చేను అమ్ముకోవడమే. మా ఆయన దుమ్ము కొట్టుకున్న ముఖం పైకెత్తాడు. ఊ అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది. వాదనకు నేను నోరు తెరిచేలోగా అమ్మాయి అడ్డం వచ్చి నిలబడింది.

"పెద్దనాయనా, నాయనకు ఇప్పుడే దెబ్బ తగిలింది. ఇప్పుడేమీ అడగద్దు. రేపు అడుగు."

"రేపటికి బండి యాడుంటాదే?"

"యాడైనా ఉండనీ."

"ఇది చదువా, పొగరా?"

"రెండూ నేర్పించినాం బావా," అన్నాను.

మా ఆయన్ను నీడలోకి తీసుకెళ్లి మజ్జిగ తాగించాం. బండి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. దానివైపు చూశాడే కాని పిలవలేదు. మర్నాడు తనే తోటంతా తిరిగొచ్చి, సగం చెట్లు వదిలేద్దామన్నాడు. పాత బోరులో వచ్చే కొద్దిపాటి నీళ్లు డ్రిప్పుతో మిగతా సగానికి పెట్టాం. అవి ఇప్పుడు కాపుకొచ్చాయి. కింది చేనూ మా చేతిలోనే ఉంది. బావ మా కాయలు సంచినిండా పట్టుకుపోతూ, తమ్ముడి తెలివిని ఊరంతా పొగుడుతున్నాడు.

పొగడనీ. చెట్లకు పాదులు సర్దుతూ నేను తలుచుకునేది వేరే ఎవరినో. దెబ్బ తిన్న ప్రాణిని కాసేపు ఎవరూ ముట్టకూడదన్న నియమాన్ని ఆటలో పెట్టాలని మొదట ఎవరికి తోచింది? వాళ్లింట్లో ఎవరు ఏ దెబ్బ తిని కూర్చుంటే తోచింది?